సిగార్ సరంజామా: ముందు డబ్బా, తర్వాత కట్టర్, చివర్లో లైటర్

సిగార్లకు కొత్తగా అలవాటుపడ్డవాళ్లు మొట్టమొదట కొనేది దాదాపు ఎప్పుడూ లైటరే. నొక్కగానే మూడు నీలి మంటలు బుస్సుమంటూ వస్తే ఆ సరదా వేరు, నలుగురిలో తీసి బల్ల మీద పెట్టుకోవడానికీ బాగుంటుంది. తర్వాత కట్టర్ కొంటారు. సిగార్లు దాచుకునే డబ్బా సంగతి మాత్రం, డ్రాయర్‌లో పడేసినవి ఎండిపోయి పట్టుకుంటే పెచ్చులు రాలడం మొదలయ్యాక గుర్తొస్తుంది. డబ్బు పెట్టాల్సిన వరస దీనికి తలకిందులు. ముందు డబ్బా, దాంతోపాటే తేమ చూపించే మీటర్, ఆ తర్వాత కట్టర్, మిగిలిన డబ్బుతో లైటర్.

సిగార్ అంటే ఆకు తప్ప మరేం లేదు. లోపల నింపే ఆకు, దాన్ని కదలకుండా పట్టి ఉంచే ఆకు, అందానికీ రుచికీ పైన చుట్టే పల్చటి ఆకు. క్యూబాలోనో, నికరాగువాలోని ఎస్తెలీలోనో, డొమినికన్ రిపబ్లిక్‌లోనో చేత్తో చుట్టి, తేమ సరిచూసి పెట్టెకెక్కిస్తారు. ఆ ఆకు చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటూ, వదిలేస్తూ ఉంటుంది. దానికి కావాల్సింది 65 నుంచి 70 శాతం తేమ. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ గాలిలో తేమ 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అలాంటి గాలిలో వదిలేస్తే కొద్ది రోజుల్లోనే పై ఆకు పగుళ్లిస్తుంది, వెలిగిస్తే గబగబా కాలిపోతుంది, పొగ వేడిగా, ఘాటుగా తగులుతుంది. అదే సిగార్ ఆగస్టులో విశాఖలో బయట ఉంటే ఉల్టా కథ: ఉబ్బుతుంది, మాటిమాటికీ ఆరిపోతుంది, బూజు కూడా పడుతుంది. ఇలా పాడైన సిగార్‌ని ఎంత ఖరీదైన లైటరూ బాగుచేయలేదు.

మన చుట్టకి ఈ గోలేదీ లేదు. లంక పొగాకు చుట్టకి రెండు కొసలూ తెరిచే ఉంటాయి కాబట్టి కట్టర్ అక్కర్లేదు, అగ్గిపెట్టె ఉంటే చాలు, సగం కాలిన పీక చెవి మీదికి పోతుంది. సిగార్‌కి నోట్లో పెట్టుకునే కొస మూసి ఉంటుంది, పైగా అది వేల మైళ్లు దాటి, బోలెడంత పన్ను కట్టించుకుని మన చేతికొస్తుంది. ఇంత సరంజామా అందుకే పుట్టింది. అందులో సగం నిజంగా అవసరం, మిగతా సగం షోకు.

డబ్బా: చెక్కా, ప్లాస్టిక్కా, కరెంటుదా?

హ్యూమిడార్, అంటే సిగార్లని సరైన తేమలో దాచే డబ్బా, అనగానే కళ్ల ముందుకొచ్చేది మెరిసే చెక్కపెట్టె. లోపలి వైపు స్పానిష్ సీడార్ పలకలు వేస్తారు. పేరులో సీడార్ ఉన్నా అది దేవదారు జాతి చెట్టు కాదు, వృక్షశాస్త్రం లెక్కన మన వేపచెట్టు కుటుంబానికే చెందుతుంది. తేమని పట్టి ఉంచుకుని మెల్లగా వదలడం, బూజుకి లొంగకపోవడం, పురుగుకి అంతగా నచ్చని వాసన ఉండడం దాని గుణాలు. సిగార్లకి ఆ వాసన కాస్త అంటుతుంది, చాలామందికి అదే ఇష్టం.

చెక్కపెట్టెతో చిక్కేమిటంటే, కొన్న రోజే వాడలేం. పొడిగా ఉన్న చెక్క ముందు తన దాహం తీర్చుకుంటుంది, అందులో సిగార్లు పెడితే వాటి తేమే లాగేస్తుంది. అందుకే ముందు పెట్టెకి తేమ పట్టించాలి. బోవెడా కంపెనీ దీనికోసమే లోపలి తేమని 84 శాతం దగ్గర నిలబెట్టే ప్యాకెట్లు అమ్ముతుంది. వాటిని ఖాళీ పెట్టెలో పెట్టి, మూత తెరవకుండా రెండు వారాలు వదిలేయాలి. పాత పద్ధతిలో తడిగుడ్డతో లోపలంతా తుడిచేవాళ్లు. ఆ పని చేయకండి, చెక్క వంకర తిరిగితే మూత మళ్లీ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు.

రెండో చిక్కు మూత. చెక్కపెట్టె విలువంతా మూత బిగువులో ఉంది. షాపులో చూసి కొంటున్నట్టయితే ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి మూతేసి, లైట్లు ఆపమనండి. అంచుల్లోంచి వెలుతురు కనిపిస్తే ఆ పెట్టె వద్దు. ఒక కాగితాన్ని మూతకీ పెట్టెకీ మధ్య పెట్టి లాగి చూసినా తెలుస్తుంది, తేలిగ్గా జారి వచ్చేస్తే బిగువు లేనట్టే. పైన గాజు పలక అతికించిన రకాలు చూడ్డానికి బాగుంటాయి కానీ, చౌక పెట్టెల్లో ఆ గాజు అతుకుల దగ్గరే గాలి పోతుంది. ఇంకో మాట: "25 సిగార్లు పడతాయి" అని రాసి ఉంటే అది సన్న సిగార్లని ఇరికించి పేర్చిన లెక్క. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే లావు సిగార్లయితే పదిహేను పడితే గొప్ప. మీకు ఎంత కావాలనుకుంటున్నారో దానికి రెట్టింపు చెప్పే పెట్టె తీసుకోండి.

ఇప్పుడు అసలు పోటీదారు: వంటింటి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా. నాలుగు వైపులా క్లిప్పులు, మూతకి రబ్బరు పట్టీ ఉన్నది. సిగార్ల లోకంలో దీన్ని టప్పర్‌డార్ అని ముద్దుగా పిలుచుకుంటారు. దీనికి తేమ పట్టించే పని లేదు, చుక్క గాలి పోదు, కొన్న రోజే వాడొచ్చు, ధర నాలుగైదు వందలు దాటదు. కొత్త డబ్బాకి ప్లాస్టిక్ వాసన ఉంటే సబ్బుతో కడిగి, రెండు మూడు రోజులు మూత తీసి ఆరబెట్టాలి. మసాలాలు గానీ ఊరగాయ గానీ ఉంచిన డబ్బా మాత్రం వద్దు, ఆ వాసన వదలదు. సిగార్ల పెట్టెల్లో వరసల మధ్య పల్చటి సీడార్ పలకలు వస్తాయి, వాటిలో రెండు ఇందులో వేసుకుంటే చెక్కపెట్టె సుగుణం కూడా కొంత వచ్చినట్టే. అందం లేదన్న ఒక్క మాట తప్ప, పాతిక సిగార్ల లోపు ఉంచుకునేవాళ్లకి దీన్ని మించింది లేదు. మన వాతావరణంలో అయితే చౌకరకం చెక్కపెట్టె కన్నా ఇదే మేలని నేను గట్టిగా చెబుతాను.

అక్రిలిక్ జాడీలు, డబ్బాలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. బిగువు బాగుంటుంది, లోపలున్నవి కనిపిస్తాయి. ఎండ తగలని చోట పెట్టుకోవాలి, అంతే.

కరెంటు మీద నడిచే క్యాబినెట్ దగ్గర కాస్త ఆగాలి. సిగార్లని 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచమంటారు. అమెరికా పాత లెక్కలో ఇది 70-70, అంటే 70 డిగ్రీల ఫారన్‌హీట్, 70 శాతం తేమ. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏడాదంతా ఇంట్లో ఏసీయో హీటరో నడిచేవాళ్లకి ఆ ఉష్ణోగ్రత అప్పనంగా దొరుకుతుంది. విజయవాడలో ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గది 35 దాటుతుంది. ఈ క్యాబినెట్లలో చాలావాటికి కంప్రెసర్ ఉండదు, కరెంటు పారితే ఒక వైపు చల్లబడే పెల్టియర్ చిప్‌తో చల్లబరుస్తాయి. చప్పుడుండదు, కంప్రెసర్ లాగేసినంతగా ఇది లోపలి తేమని లాగేయదు. అయితే దాని శక్తి గది వేడి కన్నా ఓ పది పన్నెండు డిగ్రీలు తగ్గించడంతో సరి. గది 36 ఉంటే లోపల 24, 25 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఏసీ నడిచే గదిలో పెట్టేటట్టయితేనే పెల్టియర్ రకం కొనండి. ఏసీ లేని గదికైతే కంప్రెసర్ రకం కావాలి, దాంతోపాటు తేమని కనిపెట్టుకుని ఉండే ఓపిక కూడా. వంద సిగార్లకి తక్కువ ఉన్నవాళ్లకి ఈ రెండూ అనవసరం. ప్లాస్టిక్ డబ్బాని ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, చెక్క అలమరా కింది అరలో పెట్టుకుంటే సరిపోతుంది.

మామూలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని అడిగేవాళ్లుంటారు. వద్దు. ఫ్రిజ్ గాలి బాగా పొడిగా ఉంటుంది, పైగా సాంబారు వాసన సిగార్‌కి పడుతుంది. ఒక్క సందర్భంలో ఫ్రిజ్ పనికొస్తుంది, అది పురుగు పట్టినప్పుడు.

ఆ పురుగు మీకు తెలిసిందే. ధనియాల డబ్బాలో, పసుపు కొమ్ముల్లో, ఎండుమిర్చిలో కనిపించే రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు గుండ్రటి పురుగు. శాస్త్రవేత్తలు లాసియోడెర్మా సెర్రికోర్న్ అంటారు, వాడుకలో సిగరెట్ బీటిల్. దాని గుడ్లు ఆకులోనే వచ్చి ఉండొచ్చు, చల్లగా ఉన్నంతకాలం నిద్రపోతాయి, వేడి పెరిగితే పొదుగుతాయి. పై ఆకు మీద గుండుసూది గుచ్చినట్టు సన్నటి బెజ్జం, పక్కన చిటికెడు పొడి కనిపిస్తే అదే. వెంటనే అన్నీ తీసి, రెండు జిప్ కవర్లలో గాలి లేకుండా బిగించి, ఒక రోజు ఫ్రిజ్ కింది భాగంలో, కనీసం మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు కింది భాగంలో ఉంచి బయటికి తీయాలి. నేరుగా ఫ్రీజర్ నుంచి గదిలోకి తెస్తే ఆకు పగులుతుంది. సిగార్ డబ్బాని వంటింటి మసాలా అలమరాలో పెట్టొద్దనడానికి వాసనతో పాటు ఇది రెండో కారణం.

తేమ ఇచ్చేదేది, చూపించేదేది

చెక్కపెట్టెతో ఉచితంగా ఇచ్చే నల్లటి స్పాంజి డబ్బీని చూసే ఉంటారు. నీళ్లు పోస్తే తేమ వదులుతుంది, ఎక్కువైన తేమని మాత్రం వెనక్కి తీసుకోలేదు. హైదరాబాద్ వేసవిలో ఏదో నెట్టుకొస్తుంది, కోస్తా వానాకాలంలో బూజుకి ఎర్ర తివాచీ పరుస్తుంది. పైగా అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లలో లవణాలు స్పాంజిని మూసేస్తాయి, ఇంటి ఆర్వో నీళ్లు డిస్టిల్డ్ నీళ్లతో సమానం కావు. బ్యాటరీలకి పోసే నీళ్ల జోలికి అసలే వెళ్లకండి, నోట్లో పెట్టుకునే వస్తువు ఇది.

జెల్ పూసలు స్పాంజి కన్నా మేలు, చౌక కూడా, కానీ ఎప్పుడు ఎన్ని నీళ్లు పోయాలో అంచనా తెలియాలి. రెండు వైపులా పనిచేసే ప్యాకెట్లు వచ్చాక ఈ బాధలన్నీ పోయాయి. బోవెడా ప్యాకెట్‌లో ఉప్పు కలిపిన చిక్కటి నీళ్లుంటాయి. నీటి ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొర చుట్టూ ఉంటుంది. డబ్బాలో తేమ తగ్గితే ఇస్తుంది, పెరిగితే తీసుకుంటుంది. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లకి ఈ తీసుకునే గుణమే ముఖ్యం. 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి దాదాపు 25 సిగార్ల చోటుకి సరిపోతుందని కంపెనీ లెక్క. 62, 65, 69, 72 అని అంకెలతో వస్తాయి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాకి 65, ఎంతో కొంత గాలి పోయే చెక్కపెట్టెకి 69 తీసుకోండి. క్యూబా సిగార్లయితే చాలామంది 62 గానీ 65 గానీ చాలంటారు, నాదీ అదే మాట. ఒకే డబ్బాలో రెండు వేర్వేరు అంకెల ప్యాకెట్లు వేయొద్దు, ఒకదాని నీళ్లు ఒకటి లాక్కుంటూ రెండూ పాడవుతాయి. లోపలి ద్రవం గడ్డకట్టి బిళ్లలా చేతికి తగిలినప్పుడు మార్చేయాలి.

తేమ ఎంతుందో చూపించే హైగ్రోమీటర్ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలంటే, పెట్టె ముందు బిగించి ఉండే ఇత్తడి ముల్లు మీటర్ అలంకారం. అది పది శాతం అటూ ఇటూ చూపించినా ఆశ్చర్యపోవద్దు. చిన్న డిజిటల్ మీటర్ కొనండి. గోవీ, సెన్సార్‌పుష్ లాంటి బ్లూటూత్ రకాలు మూత తెరవకుండానే ఫోన్‌లో అంకెలు చూపిస్తాయి, నెల రోజుల హెచ్చుతగ్గుల గీత కూడా గీస్తాయి. ఒక్క డబ్బా ఉన్నవాళ్లకి ఇది కాస్త ఎక్కువే, కానీ వారానికోసారి ఊరెళ్లే ఉద్యోగమైతే పనికొస్తుంది.

ఏ మీటర్ కొన్నా ముందు ఉప్పు పరీక్ష చేయండి. నీళ్ల సీసా మూతలో వంటింటి ఉప్పు నింపి, తడి ఇసుకలా అయ్యేంతవరకు చుక్కచుక్కగా నీళ్లు వేయండి. ఉప్పు కరిగిపోకూడదు, పైన నీళ్లు తేలకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ ఒక గాలి చొరని డబ్బాలో పక్కపక్కన పెట్టి ఒక రోజు వదిలేయండి. తడి ఉప్పు పైన గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది, అది ప్రకృతి నియమం. మీటర్ 71 చూపిస్తోందంటే అది ఎప్పుడూ నాలుగు తక్కువ చెబుతుందని అర్థం, ఓ చీటీ మీద "+4" అని రాసి దాని వీపు మీద అతికించండి. సర్దుబాటు సౌకర్యం ఉన్న మీటర్‌కైతే అందులోనే మార్చేయొచ్చు.

కట్టర్: గిలటిన్, వి, పంచ్

సిగార్ లావుని రింగ్ గేజ్‌తో కొలుస్తారు. ఒక రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు. మామూలు రోబస్టో రకం సిగార్ 5 అంగుళాల పొడవు, 50 రింగ్, అంటే అడ్డంగా దాదాపు 20 మిల్లీమీటర్లు. కరోనా 42 రింగ్. ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్న గోర్డో 60 రింగ్, అంటే దాదాపు 24 మిల్లీమీటర్లు. కట్టర్ కొనేముందు చూడాల్సిన మొదటి సంగతి దాని నోటి వెడల్పు. చాలా పాత మోడళ్లు 54 దగ్గరే ఆగిపోతాయి.

మూసి ఉన్న కొసమీద జిగురుతో అతికించిన చిన్న ఆకు టోపీ ఉంటుంది. ఆ టోపీ కిందికి దిగకుండా, పైపైన ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు మాత్రమే కోయాలి. టోపీ గీత దాటి కోస్తే పై ఆకు మొత్తం విప్పుకుంటూ వస్తుంది. ఏ కట్టర్‌తోనైనా జరిగే ప్రమాదం ఇదే.

గిలటిన్ అంటే కొసని అడ్డంగా తెగ్గోసే కట్టర్. అందులో ఒక బ్లేడుది చౌక. ఒక వైపు నుంచి తోస్తుంది కాబట్టి రెండో వైపు ఆకు నలుగుతుంది, కొన్నిసార్లు చీలుతుంది. రెండు బ్లేడ్ల గిలటిన్ రెండు వైపుల నుంచీ కలుస్తుంది, కోత శుభ్రంగా వస్తుంది. ఒకే ఒక్క కట్టర్ కొనాలంటే ఇదే కొనండి. సన్నదీ లావుదీ, గుండ్రటి కొసదీ మొనదేలిన టార్పీడోదీ, దేన్నైనా కోస్తుంది. జికార్ కంపెనీ నీటిబొట్టు ఆకారపు కట్టర్ పేరుమోసింది ఊరికే కాదు, స్ప్రింగ్‌తో తెరుచుకుని చేతిలో చక్కగా ఇముడుతుంది. కొత్తవాళ్లకి ఒక చిట్కా: రెండు బ్లేడ్ల కట్టర్‌ని తెరిచి బల్ల మీద పడుకోబెట్టండి. సిగార్ కొసని దాని నోట్లోకి నిలువుగా దించి, బల్లకి ఆనించి, ఒక్క ఊపులో నొక్కండి. బ్లేడ్లకీ బల్లకీ మధ్య ఉన్న సందు సుమారుగా మీకు కావాల్సినంతే ఉంటుంది, ఎక్కువ కోసే భయముండదు. టార్పీడోకి మాత్రం ఈ చిట్కా వర్తించదు, దాన్ని కంటితో చూసుకుంటూ కొద్దికొద్దిగా కోసుకోవాలి.

వి కట్టర్ కొసమీద లోతైన గాడి కోస్తుంది. టోపీ అంచు చెక్కుచెదరదు, నోట్లోకి ఆకు ముక్కలు తక్కువ వస్తాయి, పొగ సులువుగా లాగొచ్చు. లావు సిగార్లు ఇష్టపడేవాళ్లు కోలిబ్రి వి కట్‌కి అభిమానులవుతారు. సన్న సిగార్‌కి ఆ గాడి మరీ లోతైపోతుంది. బ్లేడు మొద్దుబారితే ఇంట్లో పదును పెట్టే దారి కూడా లేదు.

పంచ్ అంటే గుండ్రటి చిన్న బ్లేడు, టోపీ మధ్యలో 7 నుంచి 9 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తుంది. తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు, చౌక, దాదాపు పాడవదు. కానీ టార్పీడోకి పనికిరాదు, సన్నవాటికి టోపీ పగలగొడుతుంది, కాస్త బిగువుగా చుట్టిన సిగార్‌కి ఆ రంధ్రం చాలదు. పొగ మొత్తం ఒకే చోటి నుంచి వస్తుంది కాబట్టి చివరికొచ్చేసరికి తారు పేరుకుని చేదెక్కుతుంది. రెండో కట్టర్‌గా జేబులో ఉండనివ్వండి.

కత్తెరలు బల్ల మీద అందంగా ఉంటాయి. చెయ్యి తిరిగినవాళ్లకి వదిలేద్దాం.

లైటర్: ఎంత తక్కువ మంట చాలు?

మంట నాలుగు రకాలు. అగ్గిపుల్ల, సీడార్ పుల్ల, మెత్తటి పసుపు మంట లైటర్, నీలి మంట టార్చ్. పెట్రోల్‌తో నడిచే జిప్పో రకాన్ని లెక్కలోంచి తీసేయండి, ఆ వాసన మొదటి సగం దాకా పోదు.

అగ్గిపుల్లతో బాగా వెలిగించొచ్చు, తల మండి మందు వాసన పోయేదాకా ఆగాలి, పొడవు పుల్లలు కావాలి. సీడార్ పుల్ల ఇంకా ముచ్చటైనది: పెట్టెలో వచ్చిన సీడార్ పలకని సన్నగా చీల్చి, కొవ్వొత్తి మీద అంటించి దాంతో సిగార్ వెలిగిస్తారు. తీరిక ఉన్న సాయంత్రానికి బాగుంటుంది. రెండింటికీ శత్రువు మన సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ కింద మెత్తటి మంట ఒక పక్కకి వాలిపోతుంది, సిగార్ ఒక వైపే కాలుతుంది, తర్వాత దాన్ని సరిచేసుకోవడమే పని అవుతుంది. కాబట్టి బాల్కనీలో, డాబా మీద, ఫ్యాన్ కింద కాల్చేవాళ్లకి టార్చ్ తప్పదు.

టార్చ్‌లో ఒక మంట చాలు. సన్నటి సూది లాంటి మంట కాబట్టి వంకరగా కాలుతున్న అంచుని మాత్రమే తాకించి సరిచేయొచ్చు, గ్యాస్ తక్కువ తాగుతుంది, మూసుకుపోయే రంధ్రం ఒక్కటే. 60 రింగ్ లావువే కాల్చేవాళ్లకి రెండు మంటలు. మూడు, నాలుగు మంటల లైటర్లు గ్యాస్‌ని రెండు సాయంత్రాల్లో ఖాళీ చేసి, ఆకుని అవసరానికి మించి మాడుస్తాయి. ఏ టార్చ్‌తోనైనా మంట కొస సిగార్‌ని తాకకూడదు, కాస్త ఎడంగా పట్టి గుండ్రంగా తిప్పుతూ అంచులు ఎర్రబడేలా వేడి చేయాలి.

టార్చ్ లైటర్లు పాడయ్యాయని పారేసేవాటిలో చాలావాటికి జబ్బు గ్యాస్‌దే. చౌక గ్యాస్‌లో మలినాలు సన్నటి రంధ్రాన్ని మూసేస్తాయి. బాగా శుద్ధి చేసిన బ్యూటేన్ డబ్బా కొనండి. నింపే పద్ధతి: మంట చక్రాన్ని బాగా తగ్గించండి. లైటర్‌ని తలకిందులుగా పట్టి, అడుగున ఉన్న వాల్వ్‌ని స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి, బుస్సుమనే చప్పుడు ఆగేదాకా లోపలి గాలి వదిలేయండి. తర్వాత లైటర్ తలకిందులుగానే ఉండగా పైనుంచి డబ్బాని కూడా తలకిందులుగా, వాలిపోకుండా దించి నాలుగైదు సెకన్లు నొక్కండి. అయిదు నిమిషాలు ఆగి వెలిగించండి. గాలి వదలకుండా నింపితే సగమే నిండుతుంది, మంట తుస్సుమంటుంది. ఇదంతా కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఎస్.టి. డ్యూపాంట్ లాంటివి. 1872లో పుట్టిన ఈ ఫ్రెంచి కంపెనీ మొదట ప్రయాణపు పెట్టెలు చేసేది. 1941లో పటియాలా మహారాజా ఇచ్చిన ఆర్డరుతో లైటర్లలోకి వచ్చామని వాళ్ల చరిత్రలో చెప్పుకుంటారు. మూత తెరిస్తే వచ్చే ఖంగుమనే చప్పుడు కోసమే కొనేవాళ్లున్నారు. నగ కొన్నట్టు కొనండి, తప్పులేదు. సిగార్ మాత్రం దాంతో ఇంకాస్త రుచిగా ఏమీ కాలదు.

మిగతా చిల్లర సామాను

ఒక్కటి మాత్రం చిల్లర కాదు: బిగుసుకుపోయిన సిగార్‌ని దారికి తెచ్చే పుల్ల. చేత్తో చుట్టినప్పుడు లోపల ఆకు ఎక్కడో మెలిపడితే ఎంత లాగినా పొగ రాదు. పర్ఫెక్‌డ్రా అనే పనిముట్టుకి సన్నటి ముళ్లుంటాయి, కోసిన కొసలోంచి నిదానంగా తోసి తిప్పి లాగితే అడ్డుపడ్డ ఆకు ఈనె కాస్త బయటికొస్తుంది. మామూలు ఇనుప పుల్లతో గుచ్చితే దారి చేస్తుంది గానీ ఆకు బయటికి రాదు, మళ్లీ మూసుకుంటుంది. ఖరీదైన సిగార్లు కొనేవాళ్లకి ఇది రెండు మూడు సిగార్లలోనే ఖర్చు రాబట్టుకుంటుంది.

యాష్‌ట్రేకి వెడల్పు గాడి ఉండి, సిగార్ ఒరగబెట్టడానికి వీలుగా ఉంటే చాలు. సిగరెట్ యాష్‌ట్రే గాడిలో ఇది పట్టదు. ప్రయాణానికి తోలు కేసు ఒక సాయంత్రానికి సరే. బ్యాగులో రెండు రోజులుండాలంటే లోపల నురుగు పొర, రబ్బరు పట్టీ ఉన్న గట్టి ప్లాస్టిక్ కేసే కావాలి, చిన్న తేమ ప్యాకెట్ ఒకటి అందులో పడేయండి. సిగార్‌ని పట్టి ఉంచే గోల్ఫ్ క్లిప్పులు గోల్ఫ్ ఆడేవాళ్లకి.

నికోటిన్‌ని తగ్గిస్తామంటూ అమ్మే ఫిల్టర్ హోల్డర్లని నమ్మొద్దు. సిగార్ పొగ క్షార గుణంతో ఉంటుంది, అందుకే ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి చర్మం ద్వారానే నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉన్నదే. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి మీద వచ్చే పుండ్ల గురించి వైద్యులు ఎన్నో ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. ఏ పరికరమూ ఆ ముప్పుని తీసేయదు. ఎలక్ట్రానిక్ సిగార్ అని ఎవరైనా చూపిస్తే, 2019 చట్టం ప్రకారం మన దేశంలో వాటి అమ్మకం, దిగుమతి నిషేధమని గుర్తుంచుకోండి.

ఎవరు ఏం కొనాలి

నెలకి ఒకటో రెండో కాల్చేవారైతే ప్లాస్టిక్ డబ్బా, 65 ప్యాకెట్, ఉప్పు పరీక్ష చేసిన చిన్న డిజిటల్ మీటర్, రెండు బ్లేడ్ల కట్టర్, ఒక మంట టార్చ్. ఇంతకు మించి రూపాయి పెట్టొద్దు. వంద దాకా పోగేసేవారు మంచి బిగువున్న చెక్కపెట్టె కొనుక్కోవచ్చు, కానీ రెండు వారాలు ఆగే ఓపిక ఉంటేనే. అంతకు మించితే క్యాబినెట్, గది సంగతి చూసుకుని.

బహుమతిగా ఇవ్వాలనుకునేవాళ్లు పెట్టెలో కట్టర్, లైటర్, యాష్‌ట్రే, కేసు అన్నీ కలిపి అమ్మే సెట్ జోలికి పోకండి. ఆ ధరకి నాలుగు వస్తువులు వస్తున్నాయంటే నాలుగూ నాసిరకమే. అదే డబ్బుతో ఒక్క మంచి కట్టర్ ఇవ్వండి. బావగారికో బాస్‌కో కాస్త గొప్పగా కనిపించాలనుకుంటే పర్ఫెక్‌డ్రా ఇవ్వండి, కాల్చే మనిషైతే మీకు విషయం తెలుసని అక్కడికక్కడే గ్రహిస్తాడు.

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకునేవాళ్లకి ఒక జాగ్రత్త. టార్చ్ లైటర్‌ని అక్కడి విమానాశ్రయాల్లో చేతి బ్యాగులోనూ లగేజీలోనూ ఒప్పుకోరు, గ్యాస్ డబ్బాలనీ అంతే. మన దేశంలోనూ లైటర్లు విమానంలోకి తీసుకెళ్లనివ్వరు. కట్టర్‌ని లగేజీలో వేసుకోవడం మంచిది, చేతి బ్యాగులో ఉంటే భద్రతా సిబ్బంది దయ మీద ఆధారపడాలి. తేమ ప్యాకెట్లు, మీటర్లు, పర్ఫెక్‌డ్రా లాంటివి లగేజీలో ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేస్తాయి. సిగార్లకి 2016 బ్యాగేజీ నిబంధనల్లో హద్దు మనిషికి 25గా ఉండేది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసుకున్నాక కస్టమ్స్ వెబ్‌సైట్‌లో ఓసారి చూసుకోమనండి. లైటర్ మాత్రం ఇక్కడే కొనుక్కోండి.